బయటికి దారి ఉంటేనే బహిరంగం

ఉప్పల్ రింగురోడ్డు నుంచి బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి మీదుగా నారపల్లి దాకా వరంగల్ రహదారి పొడవునా సెల్‌ఫోన్ దుకాణాలే. వాటిలో ఏ కంపెనీ ఫోను కొన్నా, పెట్టె మీద ఏ పేరున్నా, లోపల నడిచేది దాదాపుగా ఆండ్రాయిడే. దేశంలోని స్మార్ట్‌ఫోన్లలో దాదాపు 95 శాతం దానివే. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకున్న కార్మికుడు జీతం పడిందో లేదో చూసుకునేది, పోచారం ఐటీ క్యాంపస్ ఉద్యోగి క్యాబ్ పిలుచుకునేది, డెలివరీ కుర్రాడు ఆర్డరు అందుకునేది దాని మీదే. ఆండ్రాయిడ్ ఓపెన్, ఐఫోన్ క్లోజ్డ్ అన్న పాఠం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కోడ్ ఎవరైనా చదవగలరా లేదా అన్న ఒక్క ప్రశ్న మీద నిలబడిన విభజన అది. ఆ ప్రశ్న ఇక చాలదు. ఒక వేదికలోంచి వాడకందారుగానీ, వ్యాపారిగానీ, చివరికి ప్రభుత్వంగానీ పెద్దగా నష్టపోకుండా బయటికి రాగలరా అన్నదే అసలు కొలత. ఆ కొలత పెట్టి చూస్తే ఈ రెండు వ్యవస్థల మధ్య దూరం మనం అనుకునేంత లేదు. వాట్సాప్‌ను కూడా ఇదే వరసలో నిలబెట్టాల్సి వస్తుంది.

ఆండ్రాయిడ్ అనే మాట కింద నిజానికి రెండు వేర్వేరు వస్తువులున్నాయి. మొదటిది సోర్స్ కోడ్. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఆ మార్పులతో సొంత ఫోను తయారు చేసుకోవచ్చు. రెండోది దాని మీద గూగుల్ కూర్చిన పొర: ప్లే స్టోర్, ప్లే సర్వీసులు, మ్యాప్స్, యూట్యూబ్, సెర్చ్. ఈ పొర కోడ్ బయటికి రాదు. దాన్ని ఫోన్లో పెట్టాలంటే తయారీదారు గూగుల్‌తో ఒప్పందం చేసుకోవాలి. మనం కొనే ఫోనుకు ప్రాణం ఈ రెండో భాగంలోనే ఉంది. మొదటి భాగాన్ని మాత్రమే తీసుకుని, గూగుల్ పొర లేకుండా నడిచే లీనియేజ్, గ్రాఫీన్ వంటి వ్యవస్థలున్నాయి. భద్రతలో వాటిలో కొన్నింటిని నిపుణులు ఎంతో మెచ్చుకుంటారు. అయినా వాటిని వేసుకున్న ఫోనులో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవడానికి మొరాయిస్తాయి, ఎందుకంటే ఆ యాప్‌లు ముందుగా అడిగేది ఈ పరికరానికి గూగుల్ ధ్రువీకరణ ఉందా అని. కోడ్ స్వేచ్ఛగా ఉన్నా ఆ స్వేచ్ఛను వాడుకున్నవాడు కిరాణా కొట్లో స్కానర్ ముందు డబ్బు కట్టలేక నిలబడిపోవాల్సి వస్తే, ఆ స్వేచ్ఛ కాగితం మీద ఉన్నట్టే. పైగా 2025 మార్చి నుంచి ఆండ్రాయిడ్ అభివృద్ధి పని మొత్తం గూగుల్ లోపలి శాఖల్లోనే జరుగుతోంది. పని పూర్తయ్యాకే కోడ్ బయటికి వస్తుంది. చదవడానికి ఇచ్చిన హక్కు కూడా ఆలస్యంగా ఇచ్చే హక్కు అయింది.

ఈ రెండు పొరల ముడిని మన దేశంలో బాగా విప్పి చూపింది కాంపిటీషన్ కమిషన్ (సీసీఐ). 2022 అక్టోబరు 20న సీసీఐ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. అయిదు రోజులకే, ప్లే స్టోర్ చెల్లింపుల విధానంపై మరో రూ.936.44 కోట్లు. మొదటి ఉత్తర్వులో అసలు విషయం జరిమానా కాదు, ఒప్పందాల వివరణ. అప్పట్లో ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల గుత్తి మొత్తం పెట్టాల్సి వచ్చేది. గూగుల్ యాప్‌లున్న ఫోను అమ్ముతున్న కంపెనీ ఆండ్రాయిడ్ కోడ్‌ను తనకు నచ్చినట్టు మార్చి మరో ఫోను తయారు చేయకూడదన్న షరతు ఉండేది. కోడ్ లైసెన్సు ఇచ్చిన స్వేచ్ఛను ఒప్పందం వెనక్కి లాక్కుందన్నమాట. సుప్రీంకోర్టు 2023 జనవరిలో స్టే నిరాకరించడంతో గూగుల్ కొన్ని మార్పులు ప్రకటించింది. యాప్‌లను విడివిడిగా లైసెన్సు తీసుకునే వీలు, ఫోను మొదలుపెట్టేటప్పుడు సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే వీలు వచ్చాయి. 2023 మార్చి 29న అప్పీలు ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ జరిమానాను నిలబెట్టి, సీసీఐ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. ఆ నాలుగూ ఏవో చూడాలి. ప్లే సర్వీసులతో యాప్‌లు మాట్లాడే మార్గాలను (ఏపీఐలను) ఇతరులకు నిరాకరించకూడదన్నది ఒకటి. ముందే వేసి ఇచ్చిన యాప్‌లను తీసేసుకోనివ్వాలన్నది ఇంకొకటి. పోటీ యాప్ స్టోర్లను ప్లే స్టోర్ ద్వారా పంపిణీ చేయనివ్వాలన్నది మూడోది. ప్లే స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకోవడంపై ఆంక్షలు పెట్టకూడదన్నది నాలుగోది. లోపల ఎంపికలు పెంచే ఆదేశాలు చాలావరకు మిగిలాయి, బయటికి దారి చూపే ఆదేశాలు పోయాయి. జరిమానా అంకె పెద్దదే. మన జీవితాలకు తగిలేది మాత్రం ఆ నాలుగు వాక్యాలే.

దారి లేకపోతే ఏమవుతుందో 2024 మార్చి 1న కనిపించింది. సేవా రుసుము చెల్లించడం లేదంటూ గూగుల్ పది భారతీయ కంపెనీల మీద చర్య తీసుకుంది. భారత్ మ్యాట్రిమోనీ, షాదీ, నౌకరీ, కుకు ఎఫ్‌ఎం వంటి యాప్‌లు ప్లే స్టోర్ నుంచి మాయమయ్యాయి. హైదరాబాద్ నుంచి నడిచే క్వాక్‌క్వాక్ కూడా వాటిలో ఉంది. న్యాయంగా చెప్పుకోవాలంటే అప్పటికి కోర్టుల్లో గూగుల్‌దే పైచేయి. మధ్యంతర ఊరట ఇవ్వడానికి ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిరాకరించింది. రుసుము ఎంత ఉండాలన్న తగాదాలో రెండు వైపులా వాదనలున్నాయి. కానీ గమనించాల్సింది ఆ తర్వాత జరిగినదాన్ని. కేంద్ర ఐటీ మంత్రి కలగజేసుకుని మాట్లాడాక కొద్ది రోజుల్లోనే యాప్‌లు తిరిగి వచ్చాయి. ఒక దుకాణం మూతపడితే పక్క దుకాణానికి పోయే వీలున్న బజారులో ఏ వ్యాపారీ మంత్రి జోక్యం కోసం ఎదురుచూడడు. ప్లే స్టోర్‌కు దీటైన మరో చోటు నిజంగా ఉంటే ఆ పది కంపెనీలూ అక్కడికి పోయేవి. ఆ సంఘటనకు వారం రోజుల ముందే ఫోన్‌పే సంస్థ ఇండస్ యాప్ స్టోర్‌ను తెలుగు సహా 12 భారతీయ భాషల్లో ప్రారంభించింది. అయినా కంపెనీలు అటు పరుగు తీయలేదు, ఎందుకంటే జనం ఫోన్లలో ముందునుంచే ఉన్నది ప్లే స్టోర్.

ఇక యాపిల్. అది తన తలుపులు మూసే ఉంచుతానని మొదటి నుంచీ చెప్పింది కాబట్టి కపటం లేదని వాదించేవాళ్లున్నారు. ఆ నిజాయితీకి మార్కులు వేయవచ్చు. మూసి ఉంచడం వల్ల వచ్చే నష్టం మాత్రం దానితో తీరదు. తెలుగువాళ్లకు దీనికి సొంత ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి సందేశంలో వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ వంటివి మూతపడి తెరుచుకోలేదు. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే పదేపదే రీస్టార్ట్ అయింది. యాపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. వేగంగానే చేసింది. కానీ ఆ మధ్య రోజుల్లో తెలుగు లిపి తెలిసిన ఏ ప్రోగ్రామరూ లోపలికి తొంగి చూడలేకపోయాడు. ఆసక్తి ఉన్నవాళ్లు బయట నుంచి అక్షరాల గుత్తులు మార్చి మార్చి పెట్టి, ఇదే జబ్బు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఉందని ఊహించి కనుక్కోవాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్‌లో అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అనే సాధనం పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అందులో ఇలాంటి తప్పు దొరికితే సరిచేసి పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోడ్ బహిరంగంగా ఉండటం వృథా అని నేను అనడం లేదు. చిన్న భాషలకు, పెద్ద కంపెనీల జాబితాలో అడుగున ఉండే లిపులకు అది ఊపిరి. అది అవసరం, అది ఒక్కటే చాలదు.

ఆ సంగతి తెలుగువాళ్లకు అనుభవంలో ఉంది. ఆండ్రాయిడ్‌కు తెలుగు లిపి మద్దతు 2012లో 4.1 వెర్షన్‌తో గానీ రాలేదు. అంతకుముందు చాలా ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపించేవి, ఒపెరా మినీలో అక్షరాలను బొమ్మలుగా మార్చే సెట్టింగు వెతికి పెట్టుకుని వార్తలు చదివేవారు. అదే కాలంలో కంప్యూటర్ల మీద కథ వేరు. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటులో బందీగా ఉన్న రోజుల్లో నాగార్జున వెన్న రాసిన 'పద్మ' ఆ అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి ఏ కంప్యూటర్లోనైనా చదివేట్టు చేసింది. వీవెన్ 'లేఖిని' ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు రాయడం వేలమందికి అలవాటు చేసింది. 'స్వేచ్ఛ' సంస్థ ఆపరేటింగ్ వ్యవస్థనే తెలుగులోకి తెచ్చింది. వీటిలో దేనికీ ఎవరూ ఎవరి స్టోరులోనూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరి కమీషనూ కట్టలేదు. వెబ్‌గానీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానీ ఏ కంపెనీ సొత్తూ కాకపోవడమే అందుకు కారణం. ఆ వాతావరణంలో ఒకరిద్దరు చేసిన పని ఒక భాష చరిత్రను మార్చింది. ఫోన్ల యుగంలో అలాంటి పని చేయాలనుకునే కుర్రవాడికి ముందు ఎదురయ్యేది స్టోరు నిబంధనల పుస్తకం. దీన్ని పురోగతి అనుకోవడానికి నాకు మనసొప్పదు.

ప్రభుత్వాలు ఈ పాఠం నేర్చుకున్నట్టు లేవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరులో వాట్సాప్ యజమాని మెటాతో ఒప్పందం చేసుకుని, 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' పేరిట వాట్సాప్ పాలన ప్రారంభించింది. ఇంటర్ విద్యార్థులకు హాల్‌టికెట్లు కూడా అందులోనే వచ్చాయి. 2025 చివర్లో తెలంగాణ మీసేవ కూడా వాట్సాప్‌లోకి అడుగుపెట్టింది. క్యూలో నిలబడే బాధ తప్పుతుంది, కొత్త యాప్ నేర్చుకోనక్కర్లేదు, ప్రతి ఇంట్లో ఉన్నదాన్నే వాడుకోవచ్చు. ఈ సౌకర్యం నిజమైనది, దాన్ని తక్కువ చేయకూడదు. ఘట్‌కేసర్ తహసీల్దారు కార్యాలయానికి తిరగలేని వృద్ధురాలికి మనవడి ఫోనులో ధ్రువపత్రం రావడం మంచిదే. కానీ ఆ సేవ నడిచే నేల ఎవరిది? వ్యాపార ఖాతాల సందేశాలకు ధర ఎలా కట్టాలో 2025 జులైలో మార్చేసింది వాట్సాపే. సాధారణ ఏఐ చాట్‌బాట్లను తన వ్యాపార వేదిక మీద నిషేధిస్తున్నట్టు అదే ఏడాది అక్టోబరులో ప్రకటించి, 2026 జనవరి 15 నుంచి అమల్లో పెట్టిందీ అదే. సొంత చాట్‌బాట్ ఉన్న కంపెనీ పోటీదారుల చాట్‌బాట్లను బయటికి పంపింది. 2021 నాటి ప్రైవసీ విధానం మీద సీసీఐ 2024 నవంబరులో మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. ఏడాది తర్వాత ట్రైబ్యునల్ జరిమానాను ఉంచి, ప్రకటనల కోసం డేటా పంచుకోవడంపై పెట్టిన అయిదేళ్ల నిషేధాన్ని తీసేసింది. ఇలాంటి వివాదం నడుస్తున్న వేదిక మీదికే రెండు తెలుగు రాష్ట్రాలూ పౌరులను తీసుకెళ్తున్నాయి. సందేశాలకు రహస్య రక్షణ ఉన్న మాట వాస్తవమే అయినా, వాట్సాప్ వద్దనుకున్న పౌరుడు అదే సేవను మరో సందేశ యాప్ నుంచి అందుకోలేడు.

దీనికి వచ్చే బలమైన అభ్యంతరం భద్రత. తలుపులు బార్లా తెరిస్తే మోసగాళ్లు రారా అని అడుగుతారు. వస్తారు, వస్తున్నారు కూడా. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలానా అని, పెళ్లి పత్రిక అని వాట్సాప్‌లో ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్) ఫైళ్లు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్న ముఠాల గురించి తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో హెచ్చరిస్తూనే ఉంది. ఈ భయాన్నే చూపి గూగుల్ 2025 ఆగస్టులో కొత్త నియమం ప్రకటించింది. ధ్రువీకరించిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకునే యాప్ అయినా సరే, దాని తయారీదారు తన గుర్తింపును గూగుల్ దగ్గర నమోదు చేసుకుని ఉండాలి. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామని చెప్పింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాల నుంచి నిరసన రావడంతో, అనుభవమున్న వాడకందారులకు హెచ్చరికలతో కూడిన మరో దారి ఉంచుతామని నవంబరులో కొంత తగ్గింది. కానీ కాపలాదారు ఒక్కడే ఉంటే భద్రత వస్తుందన్న నమ్మకానికి హైదరాబాద్ దగ్గర చేదు జవాబు ఉంది. 2020 చివర్లో ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల వేధింపులతో తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లలో చాలావాటిని జనం వేసుకున్నది ఏ చాటుమాటు ఫైలు నుంచో కాదు, ప్లే స్టోర్ నుంచే. కాంటాక్టుల జాబితా మొత్తం లాక్కునే యాప్‌లు ఆ గుమ్మం దాటి వచ్చాయి. పోలీసులు కేసులు పెట్టి, తొలగించమని లేఖలు రాశాక అవి పోయాయి. ఫోను ఏ యాప్‌కు ఏ అనుమతి ఇస్తుంది, బ్యాంకు ఏ లావాదేవీని ఆపి అడుగుతుంది, పోలీసు ఎంత త్వరగా స్పందిస్తాడు అనే వాటిలో భద్రత ఎక్కువగా ఉంది. స్టోరు ఒక్కటే ఉండటంలో తక్కువగా ఉంది. గుర్తింపు నమోదు తప్పదనుకున్నా, ఆ రిజిస్టరు పోటీ కంపెనీ చేతిలోనే ఎందుకుండాలి?

రెండో అభ్యంతరం ఇంకాస్త సూటిగా ఉంటుంది. గూగుల్ ఆండ్రాయిడ్‌ను ఉచితంగా ఇవ్వకపోతే చవక ఫోను పేదవాడి చేతికి వచ్చేదా, జనం ఇష్టపడే కదా వాడుతున్నారు అని. చవక ఫోను విషయంలో ఆ మేలును ఒప్పుకోవాల్సిందే. అయితే ఇష్టం అనేది మరో దారి ఉన్నప్పుడే తేలుతుంది. యూపీఐ దగ్గర అది తేలింది. నారపల్లి కూరగాయల బండి మీద అతికించిన ఒక్క స్కానర్‌కు ఏ యాప్ నుంచైనా, ఏ బ్యాంకు నుంచైనా డబ్బు పంపవచ్చు. ఇది కంపెనీల దయ వల్ల రాలేదు. 2020 అక్టోబరులో రిజర్వ్ బ్యాంకు, సొంత క్యూఆర్ కోడ్‌లు కొత్తగా పెట్టవద్దని, ఉన్నవాటిని 2022 మార్చి 31లోగా అందరికీ పనిచేసే కోడ్‌లుగా మార్చాలని ఆదేశించింది. ఆ నియమం వల్ల ఫోన్‌పే నచ్చని మనిషి మరో యాప్‌కు పోతే అతని దుకాణదారూ పోడు, డబ్బూ పోదు. అక్కడా లావాదేవీల్లో దాదాపు ఎనభై శాతం ఫోన్‌పే, గూగుల్ పేల చేతిలోనే ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఏ యాప్‌కూ 30 శాతానికి మించి వాటా ఉండకూడదన్న, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పరిమితి గడువు 2026 చివరికి జరుగుతూ వచ్చింది, ఆ వాయిదాలు మంచివి కావు. కానీ రేపు వాటిలో ఒకటి కొత్తగా రుసుము వేస్తే జనం మరుసటి ఉదయమే మారిపోగలరు. క్యాబ్, డెలివరీ వేదికల మీద పనిచేసేవారికి ఆ వీలు లేదు. కోడ్ బహిరంగంగా ఉంచి, కమీషన్ లేకుండా నడిచే 'మన యాత్రి' హైదరాబాద్‌కు వచ్చింది. అయినా ఏళ్ల తరబడి మరో యాప్‌లో సంపాదించుకున్న రేటింగును డ్రైవరు అక్కడికి మోసుకుపోలేడు. ఐడీ బ్లాక్ అయితే అతని కష్టం చరిత్ర కూడా దానితోనే పోతుంది. గిగ్ కార్మికుల కోసం తెలంగాణ తలపెట్టిన చట్టంలో, తన రేటింగును, పని చరిత్రను వెంట తీసుకుపోయే హక్కు ఉండాలి. సంక్షేమ నిధి కంటే అది తక్కువ ముఖ్యం కాదు.

మూడో అభ్యంతరాన్ని ఎవరూ పైకి చెప్పరు, కానీ సచివాలయ నిర్ణయాల్లో అది వినిపిస్తుంది: ఈ కంపెనీలు ఉద్యోగాలిస్తున్నాయి, వాటిని నొప్పించవద్దు. 2016లో టిమ్ కుక్ స్వయంగా వచ్చి యాపిల్ మ్యాప్స్ కేంద్రాన్ని హైదరాబాద్‌లో ప్రారంభించారు. 2025 జూన్‌లో గూగుల్ తన సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్‌ను ఇక్కడే తెరిచింది. నగరం పడమర కొసన వేదికలు తయారవుతున్నాయి, తూర్పు కొసన వాటి మీద జనం బతుకుతున్నారు. ఈ ఉద్యోగాలకూ వేదికల నియమాలకూ ముడి పెట్టడం తప్పు. యూరప్‌లోనూ ఈ కంపెనీలకు వేల మంది ఉద్యోగులున్నారు. అక్కడ చట్టం వచ్చాక 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో ఇతర యాప్ స్టోర్లకు యాపిల్ చోటివ్వాల్సి వచ్చింది. స్టోరు బయట దొరికే చవక ఆఫర్ల గురించి యాప్ తయారీదారులను వాడకందారులకు చెప్పనివ్వకుండా అడ్డుపడినందుకు 2025 ఏప్రిల్‌లో 50 కోట్ల యూరోల జరిమానా పడింది. కంపెనీ యూరప్ వదిలి పోలేదు. ఒకే కంపెనీ, ఒకే ఫోను, కానీ పారిస్ వాసికి ఉన్న వీలు ఉప్పల్ వాసికి లేదు. తేడా ఇంజినీరింగులో లేదు, చట్టంలో ఉంది. మన దగ్గర అలాంటిదే అయిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలోనే వచ్చి, చట్టం కాకుండా నిలిచిపోయింది. అది చిన్న స్టార్టప్‌లను కూడా చుట్టేస్తుందన్న భయానికి కొంత ఆధారం ఉంది. పరిమితులను పైకి జరిపితే ఆ భయం తీరుతుంది, బిల్లును పక్కన పెట్టనక్కర్లేదు.

కేంద్రం చేసేదాని కోసం ఆగకుండా రాష్ట్రాలు చేయగలిగిన పని కూడా ఉంది. మీసేవ, మన మిత్ర ఒప్పందాలను తిరిగి రాసుకునేటప్పుడు ఒక షరతు చేర్చాలి: వాట్సాప్‌లో దొరికే ప్రతి సేవ అదే రోజు, అదే రుసుముకు, ఏ యాప్ అవసరం లేని వెబ్ పేజీలోనూ కౌంటర్లోనూ దొరకాలి. ఆ సేవలను తీసుకునే సాంకేతిక వివరాలను ప్రభుత్వం ప్రచురించాలి. అప్పుడు రేపు మరో సందేశ యాప్ గానీ, నాచారంలో నలుగురు కుర్రాళ్లు పెట్టిన చిన్న కంపెనీ గానీ అవే ధ్రువపత్రాలను పౌరుడికి అందించగలుగుతుంది. బ్యాంకులకు కూడా రిజర్వ్ బ్యాంకు ఇలాంటి మాటే చెప్పవచ్చు. ఫోను భద్రమైనదా కాదా అని పరీక్షించడానికి గూగుల్ ధ్రువీకరణ ఒక్కటే మార్గం కాదు. ఫోను చిప్‌లోనే ఉండే భద్రతా సాక్ష్యాన్ని చదివి, ఇతర ఆపరేటింగ్ వ్యవస్థలనూ నమ్మే పద్ధతి ఆండ్రాయిడ్‌లో ఇప్పటికే ఉంది. క్యూఆర్ కోడ్ విషయంలో 2020లో చేసినట్టే, దీనికీ ఒక గడువు తేదీ పెట్టి సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది.